అప్పజెప్పిన పాఠమే అక్కరకొస్తుంది

బ్యాంకు శాఖల్లోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో నాకు ఇరవై ఏడేళ్లు. గోదావరి ఒడ్డున ఒక మండల కేంద్రంలో ఉన్న శాఖకు నన్ను నెల రోజుల పాటు పంపారు. అక్కడి సిబ్బందికి కొత్త పద్ధతి నేర్పించి రావాలి. హెడ్ క్యాషియర్ గారికి అప్పటికి యాభై నాలుగేళ్లు. నోటు చేతికి తగిలితే చాలు, మంచిదో దొంగదో వేలికొసలతోనే చెప్పేయగల మనిషి. నేను తెర మీద ఒక్కో మెట్టూ చూపిస్తుంటే పక్కనే కూర్చుని, చిన్న నోటుపుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటూ, "ఆఁ, అర్థమైంది బాబూ" అనేవారు. వారం రోజులు అలా గడిచాయి.

సోమవారం కౌంటరు తెరిచాం. మొదటి మనిషి డబ్బు జమ చేయడానికి వచ్చాడు. క్యాషియర్ గారు తెర వంక చూశారు, నోటుపుస్తకం వంక చూశారు, చివరికి నా వంక చూశారు. వరసలో పదిహేను మంది నిలబడి ఉన్నారు. ఆయన నుదుటికి చెమట పట్టింది. "అన్నీ తెలిసినట్టే ఉంది బాబూ, చెయ్యి మాత్రం సాగట్లేదు" అన్నారు మెల్లగా. నేను కుర్చీ లాక్కుని ఆ పని నేనే చేసేశాను. ఆ వారమంతా అదే తంతు. ఆయన తడబడటం, నేను చేసిపెట్టడం.

శుక్రవారం సాయంత్రం లెక్కలు ముగిశాక ఆయనే ఒక మాట అన్నారు. "మా మనవరాలు మూడో తరగతి. ఏడో ఎక్కం పుస్తకం చూసి చదివినంతసేపూ గడగడా చదువుతుంది. పుస్తకం లాక్కున్నామా, ఏడార్ల దగ్గర ఆగిపోతుంది. నాదీ అదే వరస. సోమవారం నుంచి నువ్వు చూపించకు బాబూ. నేను అప్పజెప్తాను. తప్పితే ఆపు."

సోమవారం శాఖ తెరవడానికి అరగంట ముందే ఇద్దరం కూర్చున్నాం. కంప్యూటర్ ఆపేసి ఉంది. ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి మొదలుపెట్టారు. "ముందు ఖాతా నంబరు. పేరు సరిచూడాలి. తర్వాత మొత్తం. ఆ తర్వాత..." ఆగిపోయారు. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి వారించారు. అర నిమిషం మౌనం. "ఆఁ, ఏ నోట్లు ఎన్నెన్ని అన్నది. అది వేశాక మొత్తంతో సరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడు నొక్కాలి." ఆ అర నిమిషం నాకు చాలా ఇబ్బందిగా గడిచింది. నిజానికి నేర్చుకోవడం జరిగింది ఆ అర నిమిషంలోనే. నేను తిరిగి వచ్చేనాటికి ఆయన పక్క కౌంటర్లో ఉన్న కుర్రవాడికి నేర్పుతున్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే పనిలోనే ఉన్నాను. మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు తిరగేసిన కొద్దీ ఆ ఉదయం నాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది. క్యాషియర్ గారు తన అనుభవంతో కనిపెట్టినదాన్నే శాస్త్రవేత్తలు ప్రయోగాలతో తేల్చారు. నేర్చుకునేటప్పుడు "వచ్చేసింది" అని మనసు చెప్పే మాటను వెంటనే నమ్మకూడదు. తేలిగ్గా అనిపించే పద్ధతి తొందరగా జారిపోతుంది. కష్టంగా అనిపించేదే నిలుస్తుంది. ఉద్యోగంలో రోజూ ఏదో ఒకటి కొత్తగా నేర్చుకోవాల్సి వస్తున్న ఈ కాలంలో ఈ సంగతి ప్రతి ఒక్కరికీ తెలియాలని నా కోరిక.

‘అర్థమైంది’ వేరు, ‘వచ్చింది’ వేరు

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులకు చిన్న వచన పాఠం ఇచ్చారు. ఒక జట్టు దాన్ని నాలుగు విడతలు చదివింది. మరో జట్టు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతల్లోనూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, నాలుగుసార్లు చదివినవాళ్లు సుమారు 83 శాతం రాశారు, రెండో జట్టు 71 శాతం. చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మళ్లీ పరీక్షిస్తే లెక్క తారుమారైంది. నాలుగుసార్లు చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం. చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం.

ఇంకో సంగతి కూడా ఆ ప్రయోగంలో తేలింది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది నాలుగుసార్లు చదివినవాళ్లే. కళ్ల ముందున్న అక్షరం మనకు అందించే సాయాన్ని మన జ్ఞాపకశక్తిగా పొరబడతాం. నోటుపుస్తకం చూసి తలూపిన క్యాషియర్ గారిదీ, ఎక్కం పుస్తకం పట్టుకున్న పాపదీ, పవర్‌పాయింట్ చూసి బయటికొచ్చే ఉద్యోగిదీ ఇదే పొరపాటు.

మన వీధిబడుల్లో దీనికి మందు ఎప్పుడో ఉండేది. పాఠం చదివి వచ్చిన పిల్లవాడు పంతులుగారి ముందు చేతులు కట్టుకుని అప్పజెప్పాల్సి వచ్చేది. అప్పజెప్పడమంటే బట్టీ పట్టడమేనని చాలామంది అనుకుంటారు. బట్టీ అనేది మాటను మాటగా గుడ్డిగా మింగడం. అప్పజెప్పడం అంటే లోపల ఉన్నదాన్ని సాయం లేకుండా బయటికి తీయడం. సొంత మాటల్లో చెప్పినా, కాగితం మీద బొమ్మ గీసినా, చేత్తో చేసి చూపినా అప్పజెప్పడమే. తీసిన ప్రతిసారీ ఆ దారి కాస్త గట్టిపడుతుంది. పొలం గట్టు మీద నడిచిన కొద్దీ బాట పడినట్టు.

దీన్ని ఆఫీసులో ఎలా వాడుకోవాలి? కొత్త సర్క్యులర్ వచ్చిందనుకోండి. ఒకసారి శ్రద్ధగా చదవండి. ముఖ్యమైన వాక్యాలకు రంగు పూయకండి. ఫైలు మూసి, తెల్లకాగితం తీసుకుని, "ఇందులో మారింది ఏమిటి? ఎవరికి వర్తిస్తుంది? ఎప్పటి నుంచి? నా బల్ల దగ్గర ఏం మారాలి?" అని నాలుగు ప్రశ్నలు వేసుకుని జవాబులు రాయండి. అప్పుడు ఫైలు తెరిచి సరిచూసుకోండి. మీరు తప్పు రాసిన చోటే మీకు రాని చోటు. రెండోసారి చదవాల్సింది అదొక్కటే.

నర్సుగా చేరిన అమ్మాయి ఇన్‌ఫ్యూజన్ పంపు పెట్టే వరసను మెట్లెక్కుతూ మనసులో చెప్పుకోవచ్చు. ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు సాయంత్రం బస్సులో కూర్చుని ఆ రోజు చూసిన బోర్డు కనెక్షన్‌ను పాత కవరు వెనకాల గీసి చూసుకోవచ్చు. సేల్స్‌లో ఉన్నవాళ్లు కొత్త వస్తువు గురించి ఇంట్లోవాళ్లకు రెండు నిమిషాల్లో చెప్పి చూడాలి. ఎక్కడ నీళ్లు నమిలితే అక్కడే పాఠం బాకీ ఉన్నట్టు.

మరుపును మన పక్షాన తిప్పుకోవడం

"నాకు మతిమరుపు ఎక్కువండీ" అని శిక్షణకు వచ్చినవాళ్లలో చాలామంది చెప్పేవారు. మరుపు అందరికీ దాదాపు ఒకే తీరున మొదలవుతుంది. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ఏళ్ల తరబడి ప్రయోగం చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. అర్థం లేని చిన్న చిన్న అక్షరాల గుంపులను వరసగా కంఠతా పట్టి, కొంత వ్యవధి తర్వాత మళ్లీ నేర్చుకుని, ఈసారి ఎంత శ్రమ ఆదా అయిందో కొలిచేవాడు. మొదటి గంటలోనే సగానికి పైగా ఆదా పోయింది. ఒక రోజుకు మూడో వంతు మాత్రమే మిగిలింది. ఆ తర్వాత మాత్రం జారుడు బాగా నెమ్మదించింది. నెల తర్వాత కూడా అయిదో వంతు నిలిచింది.

అంటే మరుపు దెబ్బ కొట్టేది మొదటి రోజునే. మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చి, నెల తర్వాత కాగితాలు తిరగేసేవాళ్లు అక్కడే నష్టపోతున్నారు.

ఎబింగ్‌హాస్ చెప్పిన మరో లెక్క నాకు ఇంకా విలువైనది. పరీక్షకు ముందు రోజు ఒక్కరోజే 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, ముందు మూడు రోజులకు పంచి మొత్తం 38 సార్లు వల్లె వేసినా వచ్చింది. శ్రమ దాదాపు సగం. ఫలితం ఒకటే.

ఇది అక్షరాల గుంపులకేనా, పనికి కూడా వర్తిస్తుందా అన్న సందేహానికి బ్రిటన్ తపాలా శాఖ జవాబు చెప్పింది. ఉత్తరాలను యంత్రాలతో వేరుచేసే పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు అక్కడి పోస్ట్‌మన్లు కీబోర్డు నేర్చుకోవాల్సి వచ్చింది. అలన్ బాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు వాళ్లను నాలుగు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రోజుకు ఒక్క గంట సాధన. ఒక జట్టుకు రెండు గంటల చొప్పున రెండు పూటలు, అంటే రోజుకు నాలుగు గంటలు. తక్కిన రెండు జట్లూ మధ్యస్థం. 1978లో వెలువడిన ఫలితాల ప్రకారం, రోజుకు గంట చేసినవాళ్లకు కీబోర్డు సుమారు 35 గంటల్లో పట్టుబడింది. నాలుగు గంటలు చేసినవాళ్లకు సుమారు 50 గంటలు పట్టింది. మరి ఎవరు సంతోషంగా ఉన్నారు? నాలుగు గంటల జట్టువాళ్లు. రోజుల లెక్కన వాళ్లది ముందే అయిపోయింది కదా. గంట జట్టువాళ్లు మాత్రం తాము వెనకబడిపోతున్నామని అసంతృప్తి పడ్డారు. ఎక్కువ లాభపడినవాళ్లే నష్టపోయామనుకున్నారు. మనసు చెప్పే మాటను వెంటనే నమ్మకూడదని అన్నది ఇందుకే.

మన అష్టావధానాన్ని ఈ కళ్లతో చూడండి. పృచ్ఛకుడు అడిగిన పద్యాన్ని అవధాని ఒక్కసారిగా చెప్పేయడు. విడతకో పాదం చొప్పున చెబుతాడు. ఒక పాదం చెప్పి, మిగిలిన పృచ్ఛకులందరి దగ్గరికీ తిరిగి, మధ్యలో అప్రస్తుత ప్రసంగానికి సమాధానమిచ్చి, మళ్లీ ఇక్కడికి వచ్చి ఆగిన చోటు నుంచి అందుకుంటాడు. అలా అందుకున్న ప్రతిసారీ పాత పాదం గుర్తు చేసుకోక తప్పదు. చివర్లో ధారణ అంటే అన్నీ కలిపి అప్పజెప్పడమే. ఎడం ఇవ్వడం, ఎడం తర్వాత సాయం లేకుండా తీయడం, ఈ రెండూ ఆ ప్రక్రియ నిర్మాణంలోనే ఉన్నాయి. అవధానికి ప్రతిభ ఉందన్నది నిజం. ఆ ప్రతిభకు వాహనం మాత్రం ఈ పద్ధతే.

కాబట్టి కొత్త పని ఏది నేర్చుకున్నా అయిదు తేదీలు వేసుకోండి. అదే రోజు సాయంత్రం, మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు. ప్రతిసారీ పది నిమిషాలు చాలు. ముందు అప్పజెప్పాలి, తర్వాతే కాగితం చూడాలి. జేఏఐఐబీ రాసే బ్యాంకు ఉద్యోగులు, శాఖాపరమైన పరీక్షలు రాసే ప్రభుత్వోద్యోగులు చివరి వారం సెలవు పెట్టి రాత్రింబవళ్లు చదవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ సెలవు వద్దనను. రెండు నెలల ముందు నుంచి రోజుకు నలభై నిమిషాలు పెట్టినవాళ్లకు ఆ సెలవు తిరగేయడానికి ఉపయోగపడుతుంది. పెట్టనివాళ్లకు కంగారు పడటానికే సరిపోతుంది. నిద్ర తగ్గించి చదవడం ఇంకా నష్టం. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఒక పోలిక చేసి చూపించారు. నేర్చుకున్నాక మేలుకుని ఉన్నప్పటి కంటే, అన్నే గంటలు నిద్రపోయినప్పుడు ఎక్కువ గుర్తుంది. నిద్ర కూడా చదువులో భాగమే.

గుప్పెట్లో పట్టేంతే పట్టుకోండి

1956లో జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, మనం ఒక్క క్షణంలో మనసులో నిలుపుకోగల విడి అంశాలు ఏడుకు రెండు అటూ ఇటూ ఉంటాయని రాశాడు. తర్వాతి పరిశోధకుల్లో చాలామంది అది నాలుగు చుట్టుపక్కలే అంటున్నారు. లెక్క ఏదైనా గుప్పెడు చిన్నదే. పెద్దది చేసుకునే దారి ఒకటుంది. విడి గింజల బదులు కంకుల్ని పట్టుకోవాలి. పది అంకెల ఫోను నంబరును మనం ఒక్కో అంకెగా చెప్పం. అయిదూ అయిదుగానో, రెండేసిగానో విడగొట్టి చెబుతాం. పది గింజలు కాస్తా రెండో అయిదో కంకులవుతాయి.

పన్నెండు మెట్ల పనిని పన్నెండు మెట్లుగా నేర్చుకుంటే గుప్పెడు పొంగిపోతుంది. దాన్ని మూడు నాలుగు గుంపులు చేసి ఒక్కోదానికి పేరు పెట్టండి. జీఎస్‌టీ రిటర్ను నేర్చుకుంటున్న అకౌంట్స్ ఉద్యోగి "అమ్మకాల బిల్లులు, కొనుగోళ్ల క్రెడిట్, కట్టాల్సిన పన్ను, దాఖలు" అని నాలుగు గదులు చేసుకుంటే, ప్రతి చిన్న మెట్టూ ఏదో ఒక గదిలోకి వెళ్లి కూర్చుంటుంది. ఒక గది బాగా వచ్చాకే రెండో గది తలుపు తీయండి. పక్కన ఫోను మోగుతూ ఉంటే గుప్పెట్లో ఉన్నది జారిపోతుంది. కాబట్టి కొత్తది నేర్చుకునే ఆ ఇరవై నిమిషాలూ ఫోను వేరే గదిలో ఉండనివ్వండి.

ఫోను పట్టుకుంటే వదలలేకపోవడం మన బలహీనత ఒక్కటే కాదు. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేలిన సంగతి ఒకటుంది. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. ఈసారి తెరిస్తే మంచి కబురు ఉంటుందేమో, లేదేమో అన్న అనిశ్చితి మన చేతిని కూడా అలాగే లాగుతుంది. మనోబలంతో దానితో పెనుగులాడటం కంటే దూరం పెట్టడం తేలిక.

ఉత్సాహం చాలదు, ఆనవాలు కావాలి

నేర్చుకోవడం రోజూ జరగాలంటే అలవాటు కావాలి. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాట మీరూ విని ఉంటారు. అది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి పాకింది. ఆయన రాసింది రోగులు తమ కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం ఇరవై ఒక్క రోజులు పడుతోందని. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించింది. కొత్త పని తనంతట తాను జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే. కొందరికి, గమనించిన రోజుల తీరును బట్టి కట్టిన అంచనా 254 రోజుల దాకా వెళ్లింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం కనిపించలేదు.

ఇది ఎంతో ఊరటనిచ్చే ఫలితం. ఇరవై రెండో రోజున ఇంకా కష్టంగా ఉందంటే మీలో లోపం ఉన్నట్టు కాదు. ఒక రోజు పోయిందని మొత్తం వదిలేయాల్సిన పనీ లేదు.

మరి అలవాటును దేనికి కట్టాలి? పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎన్నో అధ్యయనాల్లో చూపించింది ఇది. "రోజూ చదువుతాను" అన్న సంకల్పం కంటే "ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను" అన్న నిర్ణయం ఎక్కువగా నెరవేరుతుంది. ఇప్పటికే రోజూ జరుగుతున్న పనిని ఆనవాలుగా తీసుకోండి. "సాయంత్రం టీ గ్లాసు కింద పెట్టగానే, ఇవాళ నేర్చుకున్నది అయిదు వాక్యాల్లో రాస్తాను." "బస్సులో సీటు దొరగ్గానే నిన్నటిది అప్పజెప్పుకుంటాను." ఆనవాలు ఎంత ఖచ్చితంగా ఉంటే అంత మంచిది. "తీరిక దొరికినప్పుడు" అన్నది ఆనవాలు కాదు. ఉద్యోగం చేసే మనిషికి, అందులోనూ ఇంటి పని కూడా మీదున్న ఆడవాళ్లకు, తీరిక దానంతట అది దొరకదు.

నేర్పేవాళ్లకు ఒక మాట

మీరు సీనియర్ అయితే, మీ మాట కంటే మీ చేత ఎక్కువ నేర్పుతుంది. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది చిన్న పిల్లలతో చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు గాలి బొమ్మను తిడుతూ కొట్టడం చూసిన పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆ దెబ్బల్ని, ఆ మాటల్ని కూడా అనుకరించారు. మీ సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్లూ అంతే. రూల్సు పుస్తకం కంటే ముందు మిమ్మల్ని చదువుతారు. హెల్మెట్ లేకుండా యంత్రం దగ్గరికి వెళ్లే ఫోర్‌మన్ భద్రత గురించి గంట సేపు చెప్పినా ఫలితం ఉండదు.

చేసిపెట్టడం కూడా మానుకోవాలి. ఆ వారం క్యాషియర్ గారి కుర్చీలో నేను కూర్చోవడం దయ అనుకున్నాను. నిజానికి ఆయన నేర్చుకునే అవకాశాన్ని రోజుకు పదిహేనుసార్లు లాక్కున్నాను. జూనియర్ ఆగిపోయినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే జవాబు చెప్పకుండా ఒక్క సూచన ఇవ్వండి. చేశాక వెంటనే, అక్కడికక్కడే, ఏది సరిగ్గా ఉందో ఏది తప్పిందో చెప్పండి. ఏడాది చివర చెప్పే మాట మనిషిని బాధపెట్టగలదు కానీ పనిని దిద్దలేదు.

అన్నిటికంటే ముఖ్యం, తప్పు చెప్పుకున్నవాళ్లను తిట్టకండి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్లలో తప్పులు తక్కువ ఉంటాయనుకున్నారు. లెక్క చూస్తే వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే తెలిసింది, ఆ వార్డుల్లో నర్సులు భయం లేకుండా తప్పులు చెప్పుకోగలుగుతున్నారు. మిగతా చోట్ల దాచుకుంటున్నారు. 1996లో ఆమె ఈ ఫలితాన్ని ప్రచురించారు. "ఇన్నాళ్లొచ్చి ఇంకా ఇది కూడా రాదా?" అని నలుగురి ముందు అన్న మాటతో జూనియర్ నేర్చుకునే పాఠం ఒక్కటే, ఇకపై తప్పు కనపడనివ్వకూడదని. దాచిన తప్పు ఏదో ఒక రోజు వడ్డీతో సహా బయటపడుతుంది. "మంచిపని చేశావమ్మా, ముందే చెప్పావు. పద, ఇద్దరం చూద్దాం" అన్న మాటకు పైసా ఖర్చు లేదు.

"ఈ వయసులో నావల్ల ఏమవుతుంది?"

ఈ మాట వినని శిక్షణ తరగతి ఒక్కటీ లేదు. నలభై దాటినవాళ్లు, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిషు ఆఫీసుల్లోకి వచ్చినవాళ్లు, పిల్లల కోసం కొన్నేళ్లు ఉద్యోగం మానేసి మళ్లీ చేరిన తల్లులు, అందరి నోటా ఏదో ఒక రూపంలో ఇదే మాట.

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. తప్పించుకునే వీలే లేని కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలా మటుకు, తర్వాత చిన్న అడ్డు దాటితే తప్పించుకోగలిగే చోట పెట్టినా దాటకుండా పడి ఉన్నాయి. ఆ ప్రయోగం చదవడమే బాధ కలిగిస్తుంది. దానికి కొనసాగింపు మాత్రం అందరికీ తెలియాలి. ఆ కుక్కల్ని తాడుతో లాగి, బలవంతంగా అడ్డు దాటించారు. అలా ఎన్నోసార్లు దాటించాక అవి తమంతట తాము దాటడం మొదలుపెట్టాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరు శాస్త్రవేత్తలే తమ పాత సిద్ధాంతాన్ని తిరగరాశారు. చాలాసేపు దెబ్బలు తిన్నప్పుడు చేతులెత్తేయడం ప్రాణికి సహజంగా వచ్చే స్పందన, అది నేర్చుకున్నది కాదు. నేర్చుకునేది "నా చేతిలో కొంత ఉంది" అన్న భావాన్ని అని వాళ్లు తేల్చారు.

ఉద్యోగికి ఇందులో ఉన్న సారం ఇది. "నావల్ల కాదు" అనిపించడం సహజం. "నావల్ల అవుతుంది" అన్నదాన్ని మాత్రం ఎవరో ధైర్యం చెప్తే నేర్చుకోలేం. అడ్డు దాటి నేర్చుకోవాలి. అందుకని మొదటి అడ్డు చాలా చిన్నదిగా ఉండాలి. ఎక్సెల్ అంటే భయమా? మొదటి వారం ఇంటి పాల లెక్క, పేపరు లెక్క అందులో వేసి కూడండి, అంతే. ఇంగ్లిషులో మాట్లాడాలంటే బెరుకా? సమావేశంలో ఒక్క ప్రశ్న ముందుగా రాసుకుని వెళ్లి అడగండి. రాత్రికి ఒక డైరీలో "ఇవాళ నేను దాటింది ఇది" అని ఒక్క వాక్యం రాసుకోండి. నెలకు ముప్పై వాక్యాలు. మనసు "నీకు చేతకాదు" అన్నప్పుడు ఆ పేజీలు ముందు పెట్టండి.

ఒక వారం ఇలా

సోమవారం నేర్చుకోవాల్సిన ఒక్క పని ఎంచుకోండి. ఒక్కటే. దాన్ని మూడు నాలుగు గదులుగా విడగొట్టండి. మొదటి గది నేర్చుకుని, సాయంత్రం టీ తర్వాత చూడకుండా రాయండి. మంగళవారం పని మొదలుపెట్టే ముందు అయిదు నిమిషాలు అప్పజెప్పుకుని రెండో గదిలోకి వెళ్లండి. బుధవారం కొత్తది వద్దు, ఆ రెండింటినీ కలిపి నిజమైన పనిలో చేసి చూడండి. గురువారం మూడో గది, ఉంటే నాలుగోది కూడా. శుక్రవారం మొత్తం పనిని ఒక తోటి ఉద్యోగికి వివరించండి. వాళ్లు అడిగే ప్రశ్నల్లో మీకు జవాబు రానివి రాసుకోండి. శనివారం ఆ చోట్లు మాత్రమే చదవండి. ఆదివారం హాయిగా నిద్రపోండి. వచ్చే సోమవారం మళ్లీ ఒకసారి మొత్తం అప్పజెప్పండి. వచ్చే నెల అదే తేదీకి గుర్తు చేసేలా ఫోన్లో ఒక అలారం పెట్టుకోండి.

మొదటి రెండు మూడు రోజులు ఏమీ రావట్లేదని అనిపిస్తుంది. తెల్లకాగితం వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. అప్పుడు ఆ పోస్ట్‌మన్లను తలచుకోండి. వెనకబడిపోతున్నామని బాధపడినవాళ్లే తక్కువ గంటల్లో నేర్చుకున్నారు. అభ్యాసం కూసువిద్య అని మన పెద్దలు అన్నారు. చేయగా చేయగా పట్టుబడుతుంది. ఆ చేయడం సాయం లేకుండా, ఎడం ఇచ్చి చేయడమైతే మరింత త్వరగా పట్టుబడుతుంది.

మా క్యాషియర్ గారు ఆ తర్వాత నాలుగేళ్లకు పదవీ విరమణ చేశారు. ఆ నాలుగేళ్లలో శాఖకు కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆయన ఉదయం అరగంట ముందే రమ్మని, కంప్యూటర్ ఆపేసి, ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. "చదివింది చాల్లే. ఇప్పుడు అప్పజెప్పు" అనేవారు.

ఈ వ్యాసం కూడా మీకు ఇప్పుడు అర్థమైనట్టే ఉంటుంది. దీన్ని పక్కన పెట్టి ఒక కాగితం తీసుకోండి. గుర్తున్న మూడు విషయాలు రాయండి. వాటిలో ఒకటి రేపు ఉదయం ఆఫీసులో చేయండి.